ఏడుగురు అపరిచితులు, ఒకే సాక్షుల జాబితా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ నేపథ్యంలో క్రైమ్ థ్రిల్లర్ రాస్తున్నారు. ఒకరికొకరు ముఖపరిచయం లేని ఏడుగురిని ఒకడు పాత పగతో భవానీ ద్వీపంలో బంధించి, ప్రాణాల మీదికి తెచ్చే ఆటలు ఆడిస్తాడు. చివరికి ఇద్దరు బతికి బయటపడి ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళిపోతారు. సగం దాకా చదివిన మిత్రులు ‘బాగుంది గానీ నమ్మబుద్ధి కావట్లేదు’ అన్నారు. లోపం ఎక్కడుంది, పోలీసు, కోర్టు వ్యవహారం ఎలా రాయాలి అన్నది మీ ప్రశ్న.

నేను బెజవాడ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. డిటెక్టివ్ నవలల పిచ్చి నల్లకోటు కంటే ముందు నుంచే ఉంది. కాబట్టి రెండు వైపుల నుంచీ చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు అపరిచితుల సంగతి చూద్దాం. ఏడుగురు తెలుగువాళ్ళని ఒక గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే వాళ్ళు అపరిచితులుగా ఎంతసేపు ఉంటారు? చావు భయంలో ఉన్నా సరే, ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ‘మీదేవూరండీ?’ ‘గుడివాడ దగ్గర.’ ‘గుడివాడ దగ్గరంటే?’ ఇక అక్కణ్ణుంచి ఇంటిపేరు, చదివిన కాలేజీ, అబ్బాయి పని చేసే కంపెనీ అన్నీ వచ్చేస్తాయి. పావుగంటలో ఒకరి మేనత్తగారి ఊరు ఇంకొకరి వియ్యాలవారి ఊరని తేలుతుంది. మీ పాత్రలు మాత్రం రాత్రంతా గోడలకి ఆనుకుని ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నాయి. నమ్మబుద్ధి కాకపోవడం అక్కడే మొదలైంది.

ఈ అలవాటుని అడ్డంకి అనుకోకండి, వాడుకోండి. ‘మనల్నే ఎందుకు తెచ్చారు?’ అని వెతుక్కునేటప్పుడు వాళ్ళకి ముందు దొరికేది తప్పుడు లింకు కావాలి. నలుగురు ఒకే చిట్స్ కంపెనీలో డబ్బు కట్టి ఉంటారు, లేదా ముగ్గురు ఒకే పేటలో అద్దెకున్నవాళ్ళు. ఆ లింకు పట్టుకుని వంద పేజీలు పరిగెత్తుతారు, పాఠకుడూ వాళ్ళతో పాటే పరిగెత్తుతాడు. అసలు లింకు ఎవరి నోటా రాదు. అది తెలియక కాదు, చెప్పుకోడానికి సిగ్గు కాబట్టి.

ఆ అసలు లింకు ఏమై ఉండాలన్నదానికి నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ఒక హత్య కేసు చార్జిషీటు తీసి చూడండి. చివర్లో సాక్షుల జాబితా ఉంటుంది, ఎల్‌డబ్ల్యూ 1, ఎల్‌డబ్ల్యూ 2 అని వరసగా. అందులో లాడ్జి గుమస్తా ఉంటాడు, టీకొట్టు అతను ఉంటాడు, ఆటోడ్రైవరు, సెల్‌ఫోన్ షాపువాడు, పంచనామాలో సంతకం పెట్టిన వీఆర్‌ఓ, చచ్చిపోయిన కుర్రాడితో ఆ రాత్రి బయటికి వెళ్ళిన స్నేహితుడు. వాళ్ళ పేర్లు ఏళ్ళ తరబడి ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి. మనుషులు మాత్రం ఒకళ్ళకొకళ్ళు తెలియరు. ఒకరిని మార్చిలో పిలుస్తారు, ఇంకొకరిని ఆగస్టులో. ఒకరి సాక్ష్యం పూర్తయ్యేనాటికి రెండోవారికి సమన్లే అంది ఉండవు. అపరిచితులు కావాలంటే ఇంతకంటే మంచి మూట ఎక్కడా దొరకదు. ఒక్క జాగ్రత్త, పంచనామాకి ఇద్దరు మధ్యవర్తులుంటారు. ఇద్దరూ ఒకేచోట కూర్చుని సంతకాలు పెడతారు కాబట్టి వాళ్ళు అపరిచితులు కారు. మీ ఏడుగురిలో ఒక్క మధ్యవర్తినే పెట్టుకోండి.

ఇప్పుడు పగ. ఏడుగురూ కలిసి ఎప్పుడో ఒక ఘోరం చేశారు, అందుకు ఒకడు పగబట్టాడు అన్నది అరిగిపోయిన దారి. ఈ ఏడుగురూ ఘోరమేమీ చేయలేదు. ఒక్కొక్కరూ పది నిమిషాలు అబద్ధం చెప్పారు, అంతే. సాక్షి అడ్డం తిరగడం మీరు సినిమాల్లో చూసినట్టు ఉండదు. గుమస్తా బోనెక్కుతాడు, ప్రమాణం చేస్తాడు. ‘ముద్దాయి ఎవరో నాకు తెలియదు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. పోలీసులు నన్ను విచారించలేదు’ అంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి, సాక్షి ప్రతికూలంగా మారాడు, క్రాస్ చేయడానికి అనుమతి ఇమ్మంటాడు. పాత సాక్ష్యాధారాల చట్టంలో సెక్షన్ 154 అది. పోలీసులు రాసుకున్న 161 స్టేట్‌మెంటు చదివి వినిపించి, ‘ముద్దాయి ఆ రాత్రి రక్తం మరకల చొక్కాతో కిందికి దిగడం చూశానని నువ్వు చెప్పావా లేదా?’ అని అడుగుతాడు. ‘అలా చెప్పలేదు.’ ‘ముద్దాయితో రాజీపడి ఇప్పుడు అబద్ధం చెబుతున్నావు.’ ‘నిజం కాదు.’ స్టెనో టైపు చేస్తాడు, సాక్షి సంతకం పెట్టి మెట్లు దిగి బస్సెక్కుతాడు. గొంతు లేవదు, బల్ల చరచరు. వెనక బెంచీలో కూర్చున్న, చచ్చిపోయిన కుర్రాడి తండ్రికి ఏం జరిగిందో కూడా వెంటనే అర్థం కాదు. కేసు కొట్టేశాక, తీర్పు నకలు తీసుకుని ఎవరి చేతనో చదివించుకుంటే తెలుస్తుంది. ఇలాంటి దృశ్యం ఒక్కటి నెమ్మదిగా, వివరంగా రాయండి. మీ పగ మొత్తానికి అదే పునాది.

లాయరు పాఠకుడు ఊరుకోడు, అప్పీలు చేసుకోవచ్చుగా అంటాడు. నిజమే, 2009 డిసెంబరు 31 నుంచి నిర్దోషి తీర్పు మీద బాధితుడికి కూడా అప్పీలు హక్కు వచ్చింది, నేర విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ 372లో. కాబట్టి ఆ తలుపు మూసి చూపించాలి. తండ్రి అప్పీలు వేశాడు, సాక్షులందరూ అడ్డం తిరిగిన కేసులో పైకోర్టు కూడా చేయగలిగింది లేక కొట్టేసింది. అబద్ధం సాక్ష్యానికి శిక్ష ఐపీసీ 193లో ఉంది కదా అంటారు ఇంకొకరు. ఉంది. దాని మీద కోర్టే పూనుకుని ఫిర్యాదు చేయాలి. ఎంత అరుదుగా పూనుకుంటుందో మా బార్ అసోసియేషన్‌లో ఎవరినైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు.

పగవాడు ఆ తండ్రే అయితే పాఠకుడు యాభయ్యో పేజీలోనే పట్టేస్తాడు. ఏడుగురిలో ఒకడే దొంగ అన్నది ఇంకా పాత ఎత్తు. నేనైతే కోర్టు కానిస్టేబుల్‌ని ఎంచుకుంటాను. సమన్లు పట్టుకుని ఆ ఏడు ఇళ్ళ గడపలు తొక్కింది అతనే. ఎవరికి అప్పులున్నాయి, ఎవరు ఇల్లు మారారు, ఎవరికి ఆశ ఎక్కువ, అన్నీ అతనికి తెలుసు. అతన్ని మొదటి అధ్యాయంలోనే చేతిలో సమన్ల కట్టతో, చెమట తుడుచుకుంటూ మంచినీళ్ళడిగే మనిషిగా చూపించేయండి. పాఠకుడు పట్టించుకోడు. చచ్చిపోయిన కుర్రాడు అతనికి ఏమవుతాడన్నది మీ ఇష్టం. నన్నడిగితే రక్తసంబంధం వద్దు.

స్థలం విషయంలో నాది గట్టి మాట. భవానీ ద్వీపం మానేయండి. సుమారు 130 ఎకరాలుంటుంది, పర్యాటక శాఖ రిసార్టు ఉంది, పున్నమి ఘాట్ నుంచి పడవలు తిరుగుతుంటాయి, ఒడ్డున నిలబడితే కనిపిస్తుంది. అక్కడ ఏడుగురిని రెండు రాత్రులు దాచడం కుదరని పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటి సింగ్ నగర్‌లో పెడితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కింద నీళ్ళు. కానీ జనమంతా మేడల మీదే ఉన్నారు, అన్నం పొట్లాలు డ్రోన్లతో కూడా వేశారు. అన్ని కళ్ళ మధ్య హత్యల ఆట నడపలేం.

అమరావతిలో పెట్టండి. 2019లో పనులు ఆగిపోయాక సగం కట్టిన అపార్ట్‌మెంటు టవర్లు ఏళ్ళ పాటు కంపచెట్ల మధ్య అలాగే నిలబడిపోయాయి. సచివాలయ టవర్ల కోసం తవ్విన పునాదుల్లో చెరువులా నీళ్ళు నిలిచాయి. నేలపాడు వైపు మాత్రం పోకండి. 2019 నుంచి హైకోర్టు అక్కడే నడుస్తోంది, రోజూ మా లాయర్ల కార్లే తిరుగుతుంటాయి. దానికి దూరంగా, ఏ ఊరికీ ఆనని చోట ఒక ప్రైవేటు బిల్డింగు ఊహించుకోండి. ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి దగ్గర కరకట్ట రోడ్డెక్కితే టోల్ గేటు లేదు, ఫాస్టాగ్ రికార్డూ లేదు.

తేదీ 2022 వేసవి. ఎందుకో చెబుతాను. ఆ ఏడాది మార్చి 3న హైకోర్టు రాజధానిని అభివృద్ధి చేయాల్సిందేనని తీర్పిచ్చింది. చచ్చిపోయిందనుకున్న అమరావతి ప్లాట్ల మీద మళ్ళీ ఆశ పుట్టింది. ఎర అదే. ‘అర్జెంటు అమ్మకం, ఉచిత వ్యాను, భోజనం మావే’ అని సైట్ విజిట్‌కి పిలిస్తే మనవాళ్ళు పక్కింటివాడికి కూడా చెప్పకుండా వస్తారు, చెబితే వాడు పోటీకొస్తాడని. ‘వివాదంలో ఉన్న స్థలం, వీడియోలు బయటికి పోతే రేటు పెరుగుతుంది, ఫోన్లు ఈ సంచిలో వేయండి’ అంటే సణుగుతూనే వేస్తారు. క్లోరోఫామ్ రుమాలు లాంటివి వద్దు. అది రెండు సెకన్లలో మనిషిని పడగొట్టదు, నిమిషాలు పడుతుంది. మజ్జిగలో పురుగుమందు కూడా వద్దు. ఆ వాసన గుంటూరు జిల్లా రైతుకి పది గజాల నుంచే తెలుస్తుంది. ఆశ చాలు. మత్తుమందు దేనికి?

ఒకే వారంలో ఏడుగురు మాయమైతే పేపర్లు ఊరుకుంటాయా అని మీకు అనుమానం రావాలి. హత్య జరిగిన 2013లో వాళ్ళందరూ బెజవాడలోనే ఉన్నారనుకోండి. తొమ్మిదేళ్ళలో చెదిరిపోయారు. ఒకరు బందరు, ఒకరు ఏలూరు, ఒకరు గుంటూరు, ఇద్దరు హైదరాబాదు. రాష్ట్రం కూడా రెండయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి ఎన్టీఆర్ జిల్లా వచ్చింది, స్టేషన్లలో ఫైళ్ళు, హద్దులు, బదిలీల గందరగోళం. చనిపోయిన ఐదుగురికీ ఐదు చోట్ల ‘మ్యాన్ మిస్సింగ్’ కేసులు కడతారు. ఆన్‌లైన్ రమ్మీలో అప్పులు చేసి పారిపోయాడని ఒకడి గురించి, ఎవరితోనో వెళ్ళిపోయాడని ఇంకొకడి గురించి బంధువులే చెబుతారు. కృష్ణకి ఇటు కమిషనరేటు, అటు గుంటూరు ఎస్పీ పరిధి. ఐదు ఫైళ్ళు ఒక బల్ల మీదికి రానే రావు.

ఆటల గురించి తక్కువే చెబుతాను, అది మీ ప్రతిభ. కానీ తలుపులు మూసుకోవడం, గ్యాస్ రావడం, గోడ గడియారం టిక్కుటిక్కుమనడం లాంటి యంత్రాల గోల తగ్గించండి. కానిస్టేబుల్‌కి అంత సామాను ఎక్కడిది? మన దగ్గర పులిజూదం ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలకి చంపే హక్కు లేదు. కలిసి దారులు మూసి పులిని కదలకుండా చేయడమే వాటి గెలుపు. ఒక్క మేక తొందరపడినా ఖాళీ ఏర్పడి పులి దూకేస్తుంది. మీ ఆట ఆ పద్ధతిలో ఉండాలి. అందరూ నిజం చెబితే ఒక్కరూ చావక్కర్లేదు. ఒక్కరు అబద్ధం చెబితే పక్కవాడు పోతాడు. నిబంధనలు అర పేజీలో అయిపోవాలి, రచయితగా మీరు వాటిని ఒక్కసారి కూడా దాటకూడదు. ఇక్కడ విషాదం ఏమిటంటే, ఈ ఏడుగురూ ఒకప్పుడు బోనులో అబద్ధం చెప్పినవాళ్ళే. ఎవడికి వాడు, ‘నేను చెప్పానంటే వీడు మాత్రం చెప్పడా?’ అనుకుంటాడు. గెలవగల ఆట ఓడిపోతారు.

పందెం ఏమిటన్నది మాత్రం మొదటే చెప్పేయండి. పల్నాటి కథలో కోడి ఎలా పోరాడిందో ఎవరికీ గుర్తుండదు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలన్న షరతు గుర్తుంటుంది, దాని వల్ల కారంపూడి దాకా పారిన నెత్తురు గుర్తుంటుంది.

ఒంటికి సంబంధించిన ఒక వివరం. మే నెల, పైన కాంక్రీటు స్లాబు, కిటికీలకి తలుపుల్లేవు. మొదటి శవం ఆ గదిలోనే ఉంటే పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల్లో కుడివైపు పొత్తికడుపు మీద పచ్చటి మచ్చ మొదలవుతుంది. మర్నాటికి ఒళ్ళు ఉబ్బుతుంది, వాసన, ఈగలు. మీ పాత్రలు రెండో రోజు సాయంత్రం ఆ శవం పక్కన కూర్చుని తాత్త్విక చర్చ చేయలేవు. ముక్కుకి గుడ్డ కట్టుకుని దూరంగా జరుగుతాయి. లేదా ఆ శవాన్ని మెట్ల మీదుగా కిందికి మోస్తాయి. ఆ మోయడం రాయండి. ఎవరు తల పట్టుకున్నారు, ఎవరు కాళ్ళు పట్టుకున్నారు, ఎవరు చెయ్యి వేయకుండా నిలబడ్డారు అన్నది ఏ సంభాషణ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక అసలు విషయం. మీ నవల బలహీనత ముగింపులో ఉంది. బతికిన ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోయారన్నారు. వెళ్ళరు. వెళ్ళినా నిలవరు. ఎందుకంటే ఆటలో భాగంగా ఆ ఇద్దరిలో ఒకరైనా తన చేతులతో మనిషిని చంపి ఉంటారు. ‘చంపకపోతే నన్ను చంపేవాడు, గత్యంతరం లేదు’ అంటారు. మన చట్టం దానికి ఒప్పుకోదు. ఐపీసీ సెక్షన్ 94, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 32. అక్కడికక్కడే ప్రాణం పోతుందన్న బెదిరింపుకి లొంగి చేసిన పని నేరం కాదంటుంది ఆ సెక్షన్, రెండు మినహాయింపులతో. ఒకటి హత్య. రెండోది మరణశిక్ష పడే రాజద్రోహపు నేరాలు. దొంగలు కమ్మరిని పట్టుకుని ప్రాణభయం పెట్టి ఇంటి తలుపు పగలగొట్టిస్తే కమ్మరికి రక్షణ ఉందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. కమ్మరి చేత మనిషిని చంపిస్తే మాత్రం లేదు. పైగా, తనంతట తానుగా వెళ్ళి ఆ పరిస్థితిలో ఇరుక్కున్నవాడికి అసలు ఆ రక్షణే వర్తించదని ఒక షరతు కూడా ఉంది. అంటే మీ పాత్ర చేత శవాన్ని మోయించినా, రక్తం కడిగించినా లాయరు కాపాడగలడు. గొంతు నులిమిస్తే కష్టం.

మిగిలే దారి ఆత్మరక్షణ. ఎదుటివాడే ముందు మీద పడితే ప్రాణం కాపాడుకోడానికి చంపే హక్కు ఐపీసీ 100 ఇస్తుంది. అప్పుడు కథంతా ఒకే ప్రశ్న మీదికి వస్తుంది. ముందు చెయ్యెత్తింది ఎవరు? చూసింది ఇద్దరే, ఆ ఇద్దరూ ముద్దాయిలే. రెండేళ్ళ తర్వాత దొరికిన ఎముకల్లో పుర్రె చిట్లడం కనిపిస్తుంది గానీ, ముందు ఎవరు లేచారో కనిపించదు. ఆ దృశ్యాన్ని మీరు నవలలో రెండుసార్లు, ఇద్దరి నోటా, రెండు రకాలుగా రాయవచ్చు. నాకు పేజీలు తిప్పించేది అదే.

బహుమతి ఆశతో ముందే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే ఎలా ఉంటుందని కొందరు కుర్ర రచయితలు అడుగుతుంటారు. పద్దెనిమిదేళ్ళు దాటినవాడు తన చావుకి తానే ఒప్పుకుంటే చంపినవాడి నేరం హత్య స్థాయి నుంచి ఒక మెట్టు దిగుతుంది, అంతే. మాఫీ కాదు. భయపెట్టో మోసగించో తీసుకున్న సమ్మతి అయితే ఆ కాగితం చిత్తుబుట్టకే. ఇక పగవాడి తరఫున ‘తీవ్రమైన ఆవేశంలో’ అని వాదించాలనుకుంటే, 1961లో నానావతి కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆవేశం చల్లారడానికి వ్యవధి దొరికాక చంపితే ఆ మినహాయింపు లేదు. అక్కడ చల్లారడానికి దొరికింది కొన్ని గంటలే. మీవాడు తొమ్మిదేళ్ళు ఆగాడు.

ఇప్పుడు కేసు ఎలా బయటపడాలి? 2024లో ప్రభుత్వం మారాక అమరావతిలో కంపచెట్లు కొట్టించడం మొదలుపెట్టారు. మీ కథలో జేసీబీ బకెట్‌లో ఎముకలు రానివ్వండి. తుళ్ళూరు వైపు అనుమానాస్పద మృతిగా కేసు కడతారు, శవ పంచాయతీ జరుగుతుంది, దంతాల నుంచీ తొడ ఎముక నుంచీ డీఎన్‌ఏ తీస్తారు, ఆ తర్వాత హత్యగా సెక్షన్ మారుస్తూ మెమో వేస్తారు. చట్టాల విషయంలో తడబడకండి. కొత్త చట్టాలు 2024 జూలై 1న అమలులోకి వచ్చాయి. నేరం 2022లో జరిగింది కాబట్టి సెక్షన్ పాత ఐపీసీ 302. కేసు కట్టింది జూలై 1 తర్వాత కాబట్టి దర్యాప్తు పద్ధతి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్. ఎస్సై చేత కొత్త న్యాయ సంహిత లెక్కన ‘బీఎన్‌ఎస్ 103’ అనిపించారో, మా వాళ్ళు పుస్తకం అక్కడే మూసేస్తారు.

ఇంకో మెలిక మీకు బాగా పనికొస్తుంది. సినిమాల్లో పోలీసులు ఎప్పటి కాల్ డేటా అయినా చిటికెలో తీసేస్తారు. 2021 డిసెంబరు నుంచి టెలికాం కంపెనీలు కాల్ రికార్డులు కనీసం రెండేళ్ళు ఉంచాలని నిబంధన. అంతకు ముందు ఏడాదే. 2022 మేలో జరిగినదానికి 2024 ఆగస్టులో అడిగితే దొరుకుతుందన్న భరోసా లేదు. సీసీటీవీ సంగతి చెప్పక్కర్లేదు, కొన్ని వారాల్లోనే పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. పగవాడు ఎంత తెలివిగా కాలాన్ని నమ్ముకున్నాడో చూడండి. అయితే అప్పట్లో ఎక్కడో ఒక స్టేషన్‌లో, ఒక మిస్సింగ్ కేసులో, చాదస్తపు హెడ్ కానిస్టేబుల్ ఒకాయన కాల్ డేటాకి, చివరి టవర్‌కి రాసి తెప్పించి ఫైల్లో కుట్టి పెట్టాడు. అదే నిమిషంలో అదే టవర్ కింద ఇంకో ఆరు ఫోన్లు ఆగిపోయాయని ఆ కాగితాల్లో ఉంది, ఎవరూ చూడలేదు. మీ డిటెక్టివ్ ఆయనే. సిగార్ కాల్చక్కర్లేదు, ఎర్ర సిరా పెన్నూ స్కేలూ చాలు.

ఆ కాగితాలతో ఇద్దరూ పట్టుబడతారు. పగవాణ్ణి అప్పటికే ఏదో జబ్బుతో ఆస్పత్రిలో చంపేయండి. ఏ1, అంటే మొదటి ముద్దాయి, చనిపోతే అతని మీద కేసు అబేట్ అయిపోతుంది, అంటే అంతటితో ముగిసిపోతుంది. మిగిలింది ఏ2, ఏ3. ప్రాసిక్యూషన్‌కి ప్రత్యక్ష సాక్షి లేడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. అప్పుడు చట్టం ఒక దారి చూపిస్తుంది. ఇద్దరిలో ఒకరు అప్రూవర్‌గా మారితే, అంటే జరిగింది ఏదీ దాచకుండా కోర్టులో చెబితే, క్షమాభిక్ష. పాత సీఆర్‌పీసీలో 306, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 343. ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్ళకే. ఒకరు చెబితే రెండోవారికి యావజ్జీవం. ఇద్దరూ నోరు మెదపకపోతే కేసు నిలవకపోవచ్చు. ఇద్దరినీ వేరువేరు బ్యారక్‌లలో ఉంచుతారు, లాయర్లు వేరు, ఒకరేం ఆలోచిస్తున్నారో రెండోవారికి తెలియదు. టవర్‌లో ఆడిన ఆటే మళ్ళీ మొదలైంది, ఈసారి నడిపేది కోర్టు. ఒకప్పుడు సమన్లందుకుని బోనెక్కి ‘నాకేమీ తెలియదు’ అన్న మనిషిని ఇప్పుడు అదే బోను, చెబితేనే బతుకుతావు అంటుంది. మీ నవలకి అసలు క్లైమాక్స్ ఇక్కడుందని నా ఉద్దేశం. టవర్‌లో రక్తపాతాన్ని సగం తగ్గించి ఆ పేజీలు దీనికివ్వండి.

రాసేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. అప్రూవర్ అయిన మరుక్షణం జైలు తలుపు తెరుచుకోదు. అంతకు ముందే బెయిల్ మీద లేకపోతే విచారణ ముగిసేదాకా లోపలే ఉండాలి. ఏదైనా దాచాడని తేలితే క్షమాభిక్ష పోయి మళ్ళీ ముద్దాయే. అతని మాటకి బయటి నుంచి బలపరిచే సాక్ష్యం కూడా కోర్టు అడుగుతుంది. ఆ హెడ్ కానిస్టేబుల్ ఫైలు మళ్ళీ అక్కడ అక్కరకొస్తుంది. కాకపోతే కంపెనీ ఇచ్చిన కాల్ డేటాకి, ఎలక్ట్రానిక్ రికార్డుకి తప్పనిసరైన సర్టిఫికెట్ (పాత సాక్ష్యాధారాల చట్టంలో 65బి, కొత్తదానిలో 63) ఉందా లేదా అని డిఫెన్సు లాయరు ముందు అదే అడుగుతాడు. నేనైనా అదే అడుగుతాను.

చిన్న చిన్నవి కొన్ని. జడ్జి సుత్తి కొట్టడం తీసేయండి, మన కోర్టుల్లో లేదు. ‘అబ్జెక్షన్ యువరానర్’ అని అరవడాలు కూడా. హత్య కేసు విచారణ సెషన్స్ కోర్టులో, రిమాండు మేజిస్ట్రేటు దగ్గర. ఈ రెండూ కలిపేసిన నవలలు బోలెడు చూశాను. స్టేషన్‌లో రాతకోతలన్నీ చేసేది రైటర్ అనే కానిస్టేబుల్, ఆయనకొక పాత్ర ఇవ్వండి. మీరు రాసిన డాక్టరు పాత్ర ఉచిత వ్యాను ఎక్కడు. సొంత కారులో వస్తాడు, లేదా అసలు రాడు. ఆ పాత్ర తీసేసి ఆటోడ్రైవరుకి బలం పెంచండి.

పేర్ల విషయం కూడా చూసుకోండి. బెంజి సర్కిల్, బీసెంట్ రోడ్డు, కరకట్ట రాసుకోండి, ఎవరూ ఏమీ అనరు. కానీ నిజంగా ఉన్న పోలీస్ స్టేషన్ పేరు పెట్టి అక్కడి ఎస్సైని లంచగొండిగా, నిజంగా ఉన్న చిట్స్ కంపెనీ పేరు పెట్టి దాన్ని మోసకారిగా రాయకండి. నోటీసు వస్తే సమాధానం నా లాంటివాడి చేత రాయించుకోవాలి, ఫీజు దండగ. స్టేషన్‌కి కల్పిత పేరు పెట్టండి. సాక్షుల జాబితా అధ్యాయం రాశాక, ఒకరోజు విజయవాడ సెషన్స్ కోర్టులో వెనక బెంచీలో కూర్చుని ఒక సాక్షి విచారణ పూర్తిగా చూడండి. బహిరంగ కోర్టే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి చాలు.